జీవితచరిత్ర చరిత్రరచనా పద్ధతిగా: జర్మన్ అనుభవం – గిడుగు రామమూర్తి జీవితం

వ్యాససంగ్రహం:
ఒక వ్యక్తి జీవితాన్ని ఆధారం చేసుకొని ఒక దేశపు చరిత్రను, ఒక ప్రాంతపు చరిత్రను రాయవచ్చునా అన్న ప్రశ్న జర్మన్ చరిత్రకారులను శతాబ్దానికి పైగా వెంటాడింది. ఆ చర్చలో తేలిన కొన్ని అంశాలను కళింగాంధ్ర చరిత్రకు అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. గిడుగు వెంకట రామమూర్తి జీవితాన్ని కాలక్రమంలో పరిశీలిస్తే వ్యావహారిక భాషోద్యమ చరిత్రకు మరొక ప్రారంభబిందువు దొరుకుతుంది. ఆ జీవితం పక్కన సవరల జీవితాలను ఉంచి చదివినప్పుడే ఆ బిందువుకు పూర్తి అర్థం కలుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జీవితచరిత్ర, జర్మన్ చరిత్రరచన, కళింగాంధ్ర, గిడుగు రామమూర్తి, సవర భాష, పర్లాకిమిడి, మాంగేయి గొమాంగో.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'చరిత్ర' అన్న మాట రెండు పనులు చేస్తుంది. పెద్దన 'మనుచరిత్ర'లో అది ఒక వ్యక్తి కథ. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము'లో ఒక జాతి గతం. కందుకూరి వీరేశలింగం 'ఆంధ్ర కవుల చరిత్రము' ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. ఒక్కొక్క కవి జీవితాన్ని చెబుతూ మొత్తం మీద సాహిత్య చరిత్ర అనిపించుకుంటుంది. జర్మన్ భాషలోనూ ఇటువంటి స్థితే ఉంది. 'గెషిష్టె' అన్న మాటకు కథ అనీ, చరిత్ర అనీ రెండర్థాలున్నాయి. ఒకే మాట రెండింటికీ సరిపోతున్నప్పుడు ఒకటి ఎక్కడ ముగుస్తుందో, మరొకటి ఎక్కడ మొదలవుతుందో తేల్చవలసిన అవసరం ఎవరికీ తోచదు. జర్మన్లకు ఆ అవసరం తోచింది. అందుకు వారి చరిత్రలోని విపత్తులే కారణం. తెలుగువారికి ఇంకా గట్టిగా తోచలేదు.

ప్రతి ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి, జలుమూరు, టెక్కలి మండలాలకు ఈ దినోత్సవం పొరుగింటి పండుగ వంటిది. రామమూర్తి 1863లో జన్మించిన పర్వతాలపేట వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో ఉంది. ఆ రోజు వేదికల మీద వినిపించే ప్రసంగానికి ఒక నిర్ణీతమైన క్రమం ఉంది: పేద కుటుంబంలో జననం, కష్టపడి చదువు, గ్రాంథికవాదులతో పోరాటం, విజయం, బిరుదులు, మరణం. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ ఈ క్రమంలో సవర భాష ఎప్పుడూ చివరి వాక్యంగానే వస్తుంది: 'ఇంతేగాక ఆయన సవర భాషకు కూడా సేవ చేశారు'. ఈ 'ఇంతేగాక', 'కూడా' అన్న రెండు మాటలే ఈ వ్యాసానికి ప్రేరకాలు.

2. జర్మన్ చరిత్రరచనలో వ్యక్తి స్థానం:

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ చరిత్రకారులకు వ్యక్తి మీద అపారమైన నమ్మకం. రాజ్యం, రాజనీతిజ్ఞుడు, యుద్ధం – ఈ మూడింటితో వారి గ్రంథాలు నిండి ఉంటాయి. వారిలో విల్హెల్మ్ డిల్తై దారి కొంత వేరు. జీవితచరిత్రలో చరిత్ర అంతా బీజరూపంలో ఉంటుందనీ, కాలం నుండి వచ్చే ప్రభావాలు, వ్యక్తి నుండి కాలానికి చేరే ప్రభావాలు కలిసే స్థలం జీవితమేననీ ఆయన భావించారు. 1870లో ష్లైర్‌మాకర్ అనే వేదాంతి జీవితచరిత్ర మొదటి సంపుటం ప్రకటించారు. రెండో సంపుటం ఆయన జీవితకాలంలో పూర్తి కాలేదు. ఒక మనిషిని వివరించడానికి అతని కాలమంతా కావాలంటే ఆ పుస్తకానికి ముగింపు ఉండదు. ఈ పద్ధతిలోని ప్రధానమైన ప్రమాదం డిల్తై అనుభవంలోనే కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పరిస్థితి తలకిందులైంది. నాజీ పాలనకు బాధ్యత అంతా ఒక్క హిట్లర్ మీద మోపితే మిగిలిన సమాజం చేతులు కడుక్కోవచ్చు. జీవితచరిత్ర అటువంటి తప్పించుకొనే దారి అవుతుందన్న అనుమానం యువ చరిత్రకారులలో బలపడింది. బీలెఫెల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ ఉల్రిష్ వేలర్ 1973లో జర్మన్ సామ్రాజ్యం గురించి వెలువరించిన గ్రంథం ఈ ధోరణికి పతాక వంటిది. అందులో కథానాయకులు వ్యక్తులు కారు. భూస్వామ్య వర్గం, భారీ పరిశ్రమలు, సైన్యం, ఉద్యోగస్వామ్యం. ఈ విధమైన నిర్మాణ చరిత్ర ఎంతో వెలుగునిచ్చింది. కానీ చదివిన వారికి ఒక వెలితి కూడా మిగిలింది: నిర్మాణాలు నిర్ణయాలు తీసుకోవు, సంతకాలు పెట్టవు.

1980లో లోథార్ గాల్ రాసిన బిస్మార్క్ జీవితచరిత్రతో జీవితచరిత్రకు మళ్లీ గౌరవస్థానం లభించింది. అయిదేళ్లకు తూర్పు జర్మనీ మార్క్సిస్టు చరిత్రకారుడు ఎర్న్‌స్ట్ ఎంగెల్‌బెర్గ్ కూడా బిస్మార్క్ మీదనే పెద్ద గ్రంథం ప్రచురించారు. వర్గపోరాటాన్ని నమ్మిన పండితుడు ప్రష్యన్ భూస్వామి జీవితాన్ని ఆశ్రయించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయినా పద్ధతి విషయంలో అసలైన మలుపు ఈ రెండు గ్రంథాలలో లేదు; మరో మూడింటిలో ఉంది.

మొదటిది ఇయన్ కెర్షా 1998, 2000 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువరించిన హిట్లర్ జీవితచరిత్ర. ఆయన బవేరియాలోని సామాన్యుల అభిప్రాయాలను పరిశోధించిన సామాజిక చరిత్రకారుడు. హిట్లర్ గురించి రాస్తూ ఆయన అడిగిన ప్రశ్న 'ఇతడు ఎటువంటివాడు?' అన్నది కాదు. 'ఇటువంటివాడికి ఇంత అధికారం ఎలా సాధ్యమైంది?' అన్నది. కిందిస్థాయి అధికారులు, పార్టీ మనుషులు నాయకుడి ఆదేశం కోసం ఎదురుచూడకుండా, అతని మనసులో ఏముందో ఊహించి తామే ముందుకు నడిచారని ఆయన నిరూపించారు. ఆ విధంగా ఒక వ్యక్తి జీవితచరిత్ర లక్షలాది ఇతరుల ప్రవర్తనకు చరిత్ర అయింది.

రెండోది ఉల్రిష్ హెర్బెర్ట్ 1996లో వెర్నర్ బెస్ట్ మీద రాసిన గ్రంథం. 1903లో పుట్టిన బెస్ట్ న్యాయశాస్త్ర పండితుడు, రహస్య పోలీసు వ్యవస్థ నిర్మాతల్లో ఒకడు. సామాన్య పాఠకులకు అంతగా తెలియని పేరు. హెర్బెర్ట్‌కు కావలసింది ఆ అప్రసిద్ధతే. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడే వయసు లేక, ఆ ఓటమిని మాత్రం మనసులో మోస్తూ పెరిగిన చదువుకున్న తరం ఒకటి ఉంది. ఆ తరాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన బెస్ట్ జీవితాన్ని ఒక కిటికీగా వాడుకున్నారు.

మూడోది కాలక్రమంలో ముందుది: ఫ్రిట్జ్ స్టెర్న్ 1977లో ప్రకటించిన జంట జీవితచరిత్ర. ఒకరు బిస్మార్క్, మరొకరు ఆయన బ్యాంకరు, యూదుడైన గెర్సన్ బ్లైష్‌రోడర్. బిస్మార్క్ సొంత ఆస్తి వ్యవహారాలు, రాజ్యానికి అవసరమైన ధనం కూడా బ్లైష్‌రోడర్ చేతుల మీదుగా నడిచాయి. అయినా బిస్మార్క్ ఆత్మకథలో అతను దాదాపు కనిపించడు. ఒక జీవితం మరొక జీవితాన్ని ఎలా తుడిచివేస్తుందో చూపడానికి రెండు జీవితాలను పక్కపక్కన పెట్టడం కంటే మంచి మార్గం లేదని స్టెర్న్ గ్రంథం నిరూపించింది. కళింగాంధ్ర చరిత్రకు ఈ మూడింటిలో అన్నిటికంటే పనికివచ్చేది ఇదే.

ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బుర్డ్యూ 1986లో చేసిన హెచ్చరికను కూడా ఇక్కడ స్మరించాలి. జీవితం ఒక దారిలా మొదటినుండి గమ్యంవైపు సాగుతుందన్న భావన భ్రమ అని ఆయన అభిప్రాయం. గమ్యం తెలిసిన తరువాత వెనక్కి తిరిగి చూసేవారికే దారి కనిపిస్తుంది. నడిచేవారికి అప్పుడు కనిపించేవి పొదలు, డొంకలు మాత్రమే.

3. జర్మనీ – మన్యం: ఒక చిన్న ప్రస్తావన:

జర్మన్ చరిత్రకూ ఉత్తరాంధ్రకూ సంబంధం పోలికలకే పరిమితం కాదు. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం అనే ఊరి నుండి లూథరన్ మిషనరీలు 1882లో బయలుదేరి జయపురం, సాలూరు, పార్వతీపురం ప్రాంతాలలో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశంలోని జర్మన్ మిషనరీలను బ్రిటిషు ప్రభుత్వం నిర్బంధించి వెనక్కి పంపింది. జర్మన్ పయటిస్టు క్రైస్తవ సంప్రదాయంలో తన జీవితాన్ని తానే రాసుకొనే ఆచారం ఒకటుంది. పాపం, పశ్చాత్తాపం, దైవపిలుపు – ఆ రాతకు ఒక మూస. ఈ సంప్రదాయం నుండి వచ్చిన వ్యక్తి తన జీవితాన్ని ఆ మూసలోనే గుర్తుచేసుకుంటాడు. తెలుగు జయంతి ప్రసంగానికి ఉన్న మూసను పైన చూశాం. ఆధారాలు చేతికి అందేసరికే ఎవరో వాటిని ఒక ఆకారంలోకి మలిచి ఉంటారు. పరిశోధకుడు మొదట చేయవలసింది ఆ ఆకారాన్ని గుర్తించడం.

4. తెలుగు జీవితచరిత్ర:

తెలుగులో ఆధునిక జీవితచరిత్ర జాతీయోద్యమంతో కలిసి పెరిగింది. విజ్ఞాన చంద్రికా గ్రంథమాల 1907లో మొదట ప్రచురించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర కావడం గమనార్హం. పాఠకుడికి ఆదర్శం చూపడమే ఆనాటి లక్ష్యం. ఆ లక్ష్యం ఆనాటికి అవసరమే. చిక్కు ఏమిటంటే నేటికీ పరిశోధన స్థాయిలో కూడా అదే నమూనా కొనసాగుతోంది. విశ్వవిద్యాలయాలలో 'ఫలానా వారి జీవితం – రచనలు' అన్న శీర్షికతో వెలువడే సిద్ధాంత గ్రంథాలలో మొదటి అధ్యాయం జీవితం, తక్కినవి రచనలు. ఆ మొదటి అధ్యాయం నుండి తక్కిన అధ్యాయాలకు ఒక్క ప్రశ్న కూడా ప్రయాణించదు.

తెలుగులో జీవితచరిత్ర రాసేవారికి జర్మన్ చరిత్రకారుడికి లేని ఇబ్బంది ఒకటుంది. అది క్రియాపదం. 'నేర్చుకున్నాడు' అనాలా, 'నేర్చుకున్నారు' అనాలా అన్నది మొదటి వాక్యంలోనే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయంతోనే సగం తీర్పు చెప్పినట్లవుతుంది. ప్రసిద్ధులకు బహువచనం, అప్రసిద్ధులకు ఏకవచనం ఇవ్వడం అలవాటుగా సాగిపోతుంది. సవర భాషను రామమూర్తి 'నేర్చుకున్నారు'. ఆయనకు నేర్పిన మనిషి 'నేర్పాడు'. ఈ వ్యాసంలో సవర భాషా చరిత్రకు సంబంధించిన వారందరికీ ఒకే గౌరవరూపం వాడడానికి కారణం ఇదే.

5. రామమూర్తి జీవితం – కాలక్రమం మార్చే అర్థం:

రామమూర్తి జీవితంలోని ప్రధాన ఘట్టాలు సుపరిచితాలే. బాల్యంలోనే తండ్రి మరణం. విజయనగరం మహారాజా పాఠశాలలో చదువు. అక్కడ గురజాడ అప్పారావు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతానికి ఉపాధ్యాయ పదవి. ఉద్యోగం చేస్తూనే ఎఫ్.ఎ., బి.ఎ. పరీక్షలలో ఉత్తీర్ణత. 1911లో ఉద్యోగ విరమణ. ఇక్కడ ఒక విషయం మీద దృష్టి నిలపాలి. ఆయన బోధించినది తెలుగు కాదు, చరిత్ర. బి.ఎ.లో ప్రధాన విషయమూ చరిత్రే. శ్రీముఖలింగ ఆలయ శాసనాలను ఎవరి సహాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నారు. గాంగరాజుల చరిత్ర మీద ఇంగ్లీషు పత్రికలలో వ్యాసాలు రాశారు. అంటే భాషావేత్తగా ప్రసిద్ధికెక్కిన వ్యక్తి చేతిలో మొదట ఉన్నది చరిత్రకారుడి పనిముట్టు: రాతి మీద ఉన్నది ఉన్నట్లుగా చదవడం.

శాసనం చదివేవాడికి వ్యాకరణం కంటే ప్రయోగం ముఖ్యం. రాతి మీద 'తప్పు' కనిపిస్తే దిద్దడానికి అతనికి అధికారం లేదు. అది తప్పా, ఆనాటి వాడుకా అని ఆలోచించడం తప్ప దారి లేదు. తరువాతి కాలంలో 'గద్యచింతామణి'లో రామమూర్తి పాత వచనం నుండి ఉదాహరణలు గుట్టలుగా పోగుచేసి, గ్రాంథికవాదులు తప్పులంటున్న రూపాలు పూర్వులు వాడినవేనని చూపించిన తీరులో ఈ శాసన పాఠకుడి అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో మెట్టు సవర. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతోగాని, ఒడియాతోగాని జన్యసంబంధం లేదు. 1890ల తొలి సంవత్సరాలలో రామమూర్తికి ఈ భాష మీద ఆసక్తి కలిగింది. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని నేర్చుకున్నారు. కొండలలో తిరిగారు. జ్వరాల పాలయ్యారు. ఆ జ్వరాలకు వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు రాశారు. ధ్వనిశాస్త్రానికి జీవితం అంకితం చేసిన మనిషికి చెవులే సహకరించకపోవడం గురించి ఏ నాటకకర్తయినా ఒక అంకం రాయగలడు. చరిత్రకారుడికి మాత్రం అది మలేరియా మన్యానికీ మైదానానికీ మధ్య నిలిపిన గోడ ఎంత ఎత్తైనదో తెలిపే ఆధారం. సొంత ఖర్చుతో సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. వారికోసం పుస్తకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ సొమ్ముతో బడి పెట్టమన్నారు.

ఇక మూడో మెట్టు వ్యావహారికోద్యమం. 1907లో జె.ఎ. యేట్స్ ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పుస్తకాల తెలుగుకూ మాట్లాడే తెలుగుకూ ఇంత దూరం ఎందుకని ఆయన అడిగిన ప్రశ్నతో గురజాడ, గిడుగు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, యేట్స్ ఒక జట్టయ్యారు. తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడడం, జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో ప్రతిఘటన, 1914లో గురజాడ అసమ్మతి పత్రం, 1919లో రామమూర్తి 'తెలుగు' మాసపత్రిక.

సాహిత్య చరిత్రలు ఈ ఉద్యమాన్ని 1907తో మొదలుపెడతాయి. ఒక ఇంగ్లీషు అధికారి ప్రశ్న వేశాడు, తెలుగు పండితుడు మేల్కొన్నాడు అన్న కథ అలా ఏర్పడింది. రామమూర్తి జీవితాన్ని అనుసరిస్తే ఈ కథ నిలవదు. యేట్స్ రావడానికి పది పన్నెండేళ్ల ముందే, పిల్లవాడికి ఇంట్లో వినిపించే భాషలోనే బడి నడవాలన్న సూత్రాన్ని రామమూర్తి ఆచరణలో పెట్టారు. అది తెలుగు పిల్లల కోసం కాదు, సవర పిల్లల కోసం. వ్యాకరణం, నిఘంటువు, కావ్యం, లిపి ఏవీ లేని భాషను నేర్చుకున్నవారికి భాష అంటే నోటి నుండి వెలువడేదేనని ఎవరూ వాదించి ఒప్పించనవసరం లేదు. అక్కడ వేరే భాష లేదు. ఆ అనుభవంతో మైదానానికి తిరిగి చూసినప్పుడు తెలుగు బడిలో జరుగుతున్నది వింతగా తోచి ఉండాలి. కనుక సవర కృషి 'ఇంతేగాక' కిందికి వచ్చేది కాదు. తెలుగు ఉద్యమానికి అది ప్రయోగశాల.

ఇది ఒక ప్రతిపాదనే. బుర్డ్యూ హెచ్చరిక దీనికి కూడా వర్తిస్తుంది. ముందు జరిగినదంతా తరువాత జరిగినదానికి కారణం కానక్కరలేదు. విజయనగరంలో గురజాడ 1897లోనే 'కన్యాశుల్కం' మొదటి కూర్పును వాడుక భాషలో అచ్చువేశారు. ఆయన ఆ మెట్టుకు చేరిన దారి వేరు. సంస్థానపు కొలువు, నాటక రంగం, ఇంగ్లీషు సాహిత్యం ఆ దారిలోని మజిలీలు. ఇద్దరు సహాధ్యాయులు రెండు దారులలో వచ్చి 1907లో ఒకచోట కలిశారు. ఒకే ఉద్యమానికి రెండు వంశవృక్షాలు ఉన్నాయని చెప్పగలగడం కూడా జీవితచరిత్ర పద్ధతి వల్ల కలిగే ప్రయోజనమే. ఉద్యమ చరిత్ర మాత్రమే రాసేవారికి ఈ తేడా కనబడదు.

6. ఇంట్లో ఉన్న 'ఒక వ్యక్తి':

స్టెర్న్ గ్రంథాన్ని దృష్టిలో ఉంచుకొని రామమూర్తి కథను మళ్లీ చదివితే ఒక వాక్యం దగ్గర ఆగిపోక తప్పదు: 'తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని'. ప్రచారంలో ఉన్న జీవిత కథనాలలో ఆయన 'ఒక వ్యక్తి'గానే మిగిలారు. కానీ ఆ ఇంట్లో జరిగినదాన్ని ఊహించవచ్చు. ఒక పంతులు ఒక మాట అడుగుతారు, ఎదుటివారు చెబుతారు. పంతులు పలుకుతారు, ఎదుటివారు దిద్దుతారు. సాధారణంగా బడిలో దిద్దేది పంతులు. ఇక్కడ ఆ అధికారం తలకిందులైంది. గ్రాంథికవాదులతో రామమూర్తి తరువాత చేసిన వాదమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: భాషలో తప్పొప్పులు నిర్ణయించే అధికారం ఎవరిది? ఆ ప్రశ్నకు సమాధానం ఆ గదిలో ప్రతి పూటా ఆచరణలో దొరికింది.

1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన సవర భాషా వ్యాకరణాన్నీ, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువునూ భాషాశాస్త్ర గ్రంథాలుగానే చూడడం పరిపాటి. చరిత్రకారుడు వాటిని మరో విధంగా చదవవచ్చు. నిఘంటువులోని ప్రతి పదం ఎవరో ఒకరు పలికినది. పంటలు, పూజలు, అప్పులు, బంధుత్వాలకు సంబంధించిన మాటలను ఏరి చూస్తే పేర్లు లేని ఆ వక్తల లోకం కొంతైనా బయటపడుతుంది. బ్లైష్‌రోడర్‌కు బ్యాంకు పత్రాల గుట్ట మిగిలింది, స్టెర్న్‌కు దారి దొరికింది. సవర వక్తలకు మిగిలిన దస్తావేజు ఈ నిఘంటువే.

7. 1936 – రెండు జీవితాలు:

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం, జమీందారీలో అధిక భాగం ఒరిస్సాకు వెళ్లాయి. రామమూర్తి తెలుగువారిని కూడగట్టి దీనిని ప్రతిఘటించారు. ఫలితం లేకపోయింది. కొత్త రాష్ట్రం ప్రారంభమైన రోజు ఉదయమే ఇల్లు విడిచి రాజమహేంద్రవరంలోని కుమారుడి దగ్గరకు వెళ్లిపోయారు. అప్పటికి ఆయన వయసు 72. అంతవరకు గంజాం జిల్లాలో ఉన్న కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు మళ్లీ చేతులు మారాయి. ఊరు కదలకుండానే పదిహేనేళ్లలో మూడు జిల్లాల పేర్లు చిరునామాలో రాసుకున్న తరమది. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలుమార్గం గుణుపురం దాకా సాగి, ఇప్పుడు రెండు రాష్ట్రాలలో నడిచేదయింది.

ఆ రైలు చివరి మజిలీ గుణుపురం ప్రాంతంలోనే, అదే 1936 జూన్ నెలలో, మరొక జీవితం ఒక మలుపు తిరిగింది. మాంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపిని ప్రకటించారు. 'సొరాంగ్ సొంపెంగ్' అని దాని పేరు. అందులో 24 అక్షరాలు, ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క దేవతకు ప్రతీక. ఆయన మామ మాలియా గొమాంగో సవరలలో పలుకుబడి కలిగిన నాయకుడు. మాతర్ బనం కొండ ఈ లిపికి పుణ్యస్థలమైంది. తెలుగు, ఒడియా, రోమన్ – చుట్టూ మూడు లిపులు అందుబాటులో ఉండగా నాలుగోదాన్ని సృష్టించుకోవడం ఉత్త అక్షరాల వ్యవహారం కాదు. మూడు లిపుల వెనుక ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు: జమీందారు కచేరీ, కొత్త రాష్ట్రం, మిషను. ఆ ముగ్గురికీ ఆయన ఒకేసారి జవాబు చెప్పారు.

ఈ రెండు జీవితాలను విడివిడిగా చదివితే ఒకటి తెలుగు భాషోద్యమ నాయకుడి విషాదం, మరొకటి గిరిజన మతోద్యమంలో ఒక ఘట్టం. పక్కపక్కన పెట్టి చదివితే ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. తన భాషకు రాజ్యంలో స్థానం లేకుండా పోయినప్పుడు ఒకరు ఊరు విడిచారు, మరొకరు అక్షరం సృష్టించారు. పర్లాకిమిడిలో తెలుగుకు ఆ ఉదయం ఎదురైనది, సవరకు ఎన్నో తరాలుగా ఎదురవుతూనే ఉంది. సవర పిల్లలకు సవరలోనే చదువు అన్న రామమూర్తికి ఈ పోలిక తట్టకుండా ఉంటుందా అని అడగాలనిపిస్తుంది. ఆయన్ని చిన్నబుచ్చడానికి కాదు. జయంతి సభలో ఎవరూ వేయని ప్రశ్న కనుక. ఒక్క జీవితాన్నే చెప్పే సంప్రదాయంలో ఈ ప్రశ్నకు చోటుండదు.

8. కొండమీది మాస్టార్లు:

హెర్బెర్ట్ ఒక వ్యక్తి ద్వారా ఒక తరాన్ని చదివిన పద్ధతికి కూడా ఈ జిల్లాలో తగిన విషయముంది. మైదానం నుండి మన్యానికి వెళ్లినవారిలో జమీందారు మనుషులు, వడ్డీ వర్తకులు, అటవీ సిబ్బంది తరువాత చెప్పుకోవలసినది బడిపంతుళ్లను. రామమూర్తి ఆ వరుసలో తొలి తరం. 1960ల నాటి వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా ఉపాధ్యాయులే. 1970 జూలై 10న పోలీసుల తుపాకులకు బలైన ఈ ఇద్దరూ జిల్లా జ్ఞాపకంలో నేటికీ మాస్టార్లే. రామమూర్తి రాజకీయానికీ వీరి రాజకీయానికీ పోలిక లేదు, కలపవలసిన అవసరమూ లేదు. అయినా చదువుకున్న మైదానపు మనిషి కొండ ఎక్కడానికి పంతులు ఉద్యోగమే మెట్టు కావడం, అక్కడ పిల్లలకు చెప్పడం కంటే పెద్దల నుండి వినడం ఎక్కువై జీవితం దారి మారడం రెండు తరాలలోనూ కనిపిస్తాయి. ఈ పంతుళ్ల జీవితాలను ఒక వరుసలో రాసిన సామూహిక జీవితచరిత్ర ఉంటే జిల్లా చరిత్రకు వెన్నెముక దొరికేది.

అందులోనూ స్టెర్న్ ప్రశ్న వెంటాడుతుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించారు. శ్రీకాకుళ ఉద్యమ చరిత్ర రాసినవారందరూ ఆ తేదీని తప్పక పేర్కొంటారు. నాయకులకు పుట్టిన ఊరు, చదివిన బడి, రాసిన ఉత్తరాలు ఉన్నాయి. వీరిద్దరికీ మరణించిన తేదీ ఉంది. ఒక జీవితం చరిత్రలోకి ఏ ద్వారం గుండా ప్రవేశిస్తుందన్నది ఆ మనిషి చేసిన పని మీద కాక మిగిలిన కాగితం మీద ఆధారపడుతుంది. కోర్టు వాంగ్మూలాలు, భూమి తగాదాల దస్త్రాలు, అప్పు పత్రాలు, ఊళ్లలో ఇంకా పాడుకుంటున్న పాటలు – ఈ కాగితం కాని కాగితాల నుండి కూడా జీవితాలను కూర్చవచ్చు. ఇందుకు సవర, జాతాపు భాషా వ్యవహారం తెలిసిన పరిశోధకులు కావాలి. సవర బడికి రామమూర్తి పెట్టిన మొదటి షరతు కూడా అదే.

1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యేనాటికి రామమూర్తి గోదావరి ఒడ్డున ఉన్నారు. ఆ మాటలను సేకరించిన ఊళ్లలో చాలా భాగం మరో రాష్ట్రంలో ఉన్నాయి. గుణుపురం కొండల్లో అప్పటికి రెండేళ్లుగా పిల్లలు 24 కొత్త అక్షరాలు దిద్దుకుంటున్నారు. 2012లో యూనికోడ్ ఆ అక్షరాలకు స్థానం కల్పించింది.